రొమ్ము క్యాన్సర్ రేడియేషన్ ముగింపులో చర్మాన్ని ఎలా చూసుకోవాలి

మా అక్కకి ఆఖరి సిట్టింగ్ అయిన రోజు ఇంటికొచ్చి, "హమ్మయ్య, ఇక రేపట్నించి తగ్గుముఖమే" అనుకున్నాం. తగ్గలేదు. సరిగ్గా తొమ్మిదో రోజు రాత్రి చంకలో తోలు ఊడి, చొక్కా దానికి అంటుకుపోయింది. ఆ గుడ్డని గోరువెచ్చని నీళ్లతో తడుపుతూ, మెల్లమెల్లగా విడదీస్తూ అర్ధరాత్రి దాకా కూర్చున్నాం. చికిత్స వికటించిందేమోనని నా చేతులు వణికాయి. తెల్లారి ఫోన్ చేస్తే నర్సు, "అవునమ్మా, అయిపోయాకే ఎక్కువవుతుంది, ఇంకో వారం పదిరోజుల్లో సర్దుకుంటుంది" అంది. ఆ ఒక్క ముక్క మాకు ముందే తెలిసుంటే ఆ రాత్రి అలా గడిచేది కాదు.

మీకు ఇంకో వారమో రెండు వారాలో సిట్టింగులు మిగిలి ఉంటే, లేదా అలాంటి మనిషిని మీరు ఇంట్లో చూసుకుంటుంటే, ఇది మీకోసం రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఆ రెండు నెలలూ అక్క పక్కన ఉండి నేర్చుకున్నదీ, ఆ తర్వాత అడిగి, చదివి తెలుసుకున్నదీ చెబుతున్నాను. మీ రేడియేషన్ విభాగం వాళ్లు దీనికి వేరుగా చెబితే వాళ్ల మాటే పట్టుకోండి. మీ చర్మాన్ని కళ్లారా చూస్తున్నది వాళ్లు.

ముందు క్యాలెండర్ తీయండి

ఆఖరి సిట్టింగ్ తేదీకి సున్నా చుట్టండి. అక్కణ్నించి రెండు వారాలు లెక్కపెట్టి మరో గుర్తు, ఆరు వారాలకి ఇంకో గుర్తు పెట్టండి. మొదటి గుర్తుకీ రెండో గుర్తుకీ మధ్య ఉన్న రోజులే చాలామందికి అన్నిటికంటే కష్టమైనవి. మూడో గుర్తు వచ్చేసరికి చాలావరకు మానిపోతుంది.

ఎందుకిలా అంటే, మన చర్మం పై పొరకి అడుగున కొత్త కణాలు పుడుతూ ఉంటాయి. అవి పైకి చేరి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. రేడియేషన్ దెబ్బ తగిలేది ఆ అడుగు కణాలకి. పైనున్న పాతవి ఎప్పటిలాగే రాలుతుంటాయి, కింద నుంచి మాత్రం కొత్తవి సరిపడా రావు. అందుకే మొదటి రెండు వారాలు ఏమీ కనిపించదు, "నాకేం కాలేదు" అనిపిస్తుంది. తర్వాత రంగు మారి, మంట మొదలవుతుంది. మెషీన్ కింద పడుకోవడం ఆగినా, అప్పటికి తగిలిన దెబ్బ పైకి తేలడానికి ఇంకో వారం రెండు వారాలు పడుతుంది.

మీకిచ్చిన షెడ్యూల్‌ని బట్టి ఈ లెక్క కాస్త జరుగుతుంది. 25 సిట్టింగుల్లో 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసుకి కొలత) ఇచ్చే పాత పద్ధతిలో నాలుగో వారానికే చర్మం కమలడం కనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కువగా ఇస్తున్న 15 సిట్టింగుల పద్ధతిలో, అంటే మూడు వారాల్లో 40 గ్రే ఇచ్చేదానిలో, చర్మానికి అయ్యే బాధ మొత్తమ్మీద తక్కువే. కానీ చికిత్స త్వరగా ముగుస్తుంది కాబట్టి ఆ బాధలో ఎక్కువ భాగం ఆఖరి సిట్టింగ్ తర్వాతే, ఇంట్లోనే వస్తుంది. అయిదు రోజుల్లో 26 గ్రే ఇచ్చే పద్ధతిలోనైతే దాదాపు అంతా తర్వాతే.

ఇంకో విషయం తప్పకుండా అడగండి: "నాకు బూస్ట్ ఉందా, ఏ రోజు నుంచి?" బూస్ట్ అంటే గడ్డ తీసిన చోటుకి మాత్రమే ఇచ్చే అదనపు డోసు. దాన్ని కొందరికి రోజువారీ డోసులోనే కలిపేస్తారు. విడిగా ఆఖర్లో కొన్ని సిట్టింగులుగా ఇస్తే, ఆ రోజుల్లో మిగతా రొమ్ముకీ చంకకీ కిరణాలు పడటం దాదాపు ఆగిపోయినట్టే. అంటే చంక మానడానికి ఆఖరి రోజు దాకా ఆగక్కర్లేదు, బూస్ట్ మొదలైన రోజు నుంచే దాని లెక్క మొదలవుతుంది. ఈ సంగతి తెలిశాక మా అక్క ముఖం వికసించడం నాకింకా గుర్తు. రొమ్ము పూర్తిగా తీసేసినవాళ్లకి కొన్నిసార్లు ఛాతీ మీద బోలస్ అనే మెత్తటి జెల్ షీటు వేసి కిరణాలిస్తారు. డోసు చర్మం దాకా అందాలనే దాన్ని వేస్తారు, కాబట్టి అక్కడ కమలడం ఎక్కువగానే ఉంటుంది. అది పొరపాటు కాదు.

రోజుకోసారి అద్దం ముందు

ఒకే సమయంలో, ఒకే వెలుతురులో చూసుకోండి. ముందు నుంచి చూస్తే కనిపించనివే ముఖ్యమైన చోట్లు: రొమ్ము కింద మడత, చంక లోపలి గుంట, ఆపరేషన్ కుట్ల గీత, చనుమొన చుట్టూ, కాలర్ ఎముక పైభాగం. కాలర్ ఎముక దగ్గర కిరణాలు పడుతుంటే వీపు వైపు భుజం మీద కూడా చూడమని ఎవరినైనా అడగండి, అటు నుంచి బయటికి వచ్చే కిరణాల వల్ల అక్కడా రంగు మారొచ్చు.

పుస్తకాల్లోనూ కాగితాల్లోనూ "ఎర్రబడుతుంది" అని రాస్తారు. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు కనిపించదు. ముందు ముదురు గోధుమ రంగులోకి, తర్వాత నలుపులోకి తిరుగుతుంది. అందుకని రంగుకోసం వెతక్కండి, చేతి వెనక వైపు ఆనించి చూడండి. రెండో రొమ్ముకంటే వెచ్చగా ఉందా? బిగుసుకున్నట్టుందా? తాకితే చురుక్కుమంటోందా? ఈ మూడూ రంగుకంటే ముందు సంగతి చెబుతాయి. ఒంటి రంగు వల్ల తీవ్రత తక్కువగా అంచనా వేసే ప్రమాదం ఆసుపత్రిలో కూడా ఉంటుంది. కాబట్టి "ఎర్రగా లేదు గానీ మండుతోంది, నిద్ర పట్టడం లేదు" అని నోరు విడిచి చెప్పండి.

ఫోన్లో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే మంచిది. మూడు రోజుల కిందటికీ ఇవాళ్టికీ తేడా మాటల్లో చెప్పడం కష్టం, ఫొటో చూపిస్తే డాక్టరుకి అరనిమిషంలో అర్థమవుతుంది.

స్నానం

నీళ్లు తగలనీయకూడదని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. వినకండి. మెత్తటి సబ్బుతో రోజూ కడుక్కోవడం వల్ల చర్మం పాడవదని పరీక్షించి తేల్చారు. కడగకపోతేనే చెమట, పాత క్రీము, ఊడిన పొలుసులు మడతల్లో పేరుకుని ఇన్ఫెక్షన్‌కి దారి తీస్తాయి.

గోరువెచ్చని నీళ్లు, వాసన లేని సబ్బు, మీ అరచెయ్యి. అంతే. పీచు, స్పాంజి, గరుకు తువ్వాలు దూరంగా పెట్టండి. షవర్ ధార సూటిగా రొమ్ము మీద పడకుండా వీపు మీద పడి జారేలా నిలబడండి. తుడుచుకోవడం కాదు, మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. రొమ్ముని చేత్తో ఎత్తి కింద మడతలో తడి పూర్తిగా ఆరేదాకా అద్దండి. హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి మాత్రం వద్దు.

ఒంటి మీద పెన్నుతో గీసిన గుర్తులుంటే వాటిని రుద్దకండి. చెరిగిపోయినట్టనిపిస్తే మీరే మళ్లీ గీయకుండా టెక్నీషియన్‌కి చెప్పండి. సూదితో పెట్టిన చిన్న చుక్కలైతే ఎంత కడిగినా పోవు.

క్రీము: ఏది, ఎప్పుడు, ఎంత

చర్మం తెగనంత కాలం, సువాసన లేని మామూలు మాయిశ్చరైజర్ రోజుకి రెండు సార్లు చాలు. ఖరీదైనదే పనిచేస్తుందని లేదు. అలోవెరా గురించి అందరూ చెబుతారు, రాసుకుంటే చల్లగా హాయిగా ఉండొచ్చు గానీ, చర్మం కమలకుండా ఆపుతుందని పెద్ద పరీక్షల్లో రుజువు కాలేదు. ఎవరో చెప్పిన లేపనాలు, పసర్లు కమిలిన తోలు మీద వెయ్యకండి. మామూలు రోజుల్లో ఏమీ చెయ్యనిది కూడా ఆ చర్మాన్ని మండించగలదు.

రాసే తీరు కూడా ముఖ్యమే. క్రీముని ముందు అరచేతుల మధ్య కాస్త వెచ్చబరచి, వెంట్రుకలు మొలిచిన దిక్కుగా మెల్లగా పరచండి. ఇంకేదాకా మర్దన చెయ్యకండి. చంకలోనూ రొమ్ము కింద మడతలోనూ చాలా పలుచగా రాయాలి. అక్కడ దట్టంగా పూస్తే చెమ్మ నిలిచి తోలు నానిపోతుంది.

సిట్టింగ్‌కి ముందు రాయొచ్చా అన్నది అందరికీ వచ్చే సందేహం. పలుచగా రాసిన క్రీము డోసుని దాదాపు మార్చదు. మందంగా, కొన్ని మిల్లీమీటర్ల పొరలా పూస్తే మాత్రం అది బోలస్‌లా పనిచేసి చర్మం మీద డోసు పెంచుతుంది. సిట్టింగ్ అయి ఇంటికి చేరాక ఒకసారి, పడుకునే ముందు ఒకసారి అని పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. కొన్ని చోట్ల ఫలానా గంటల ముందు నుంచీ ఏమీ రాయొద్దంటారు, మీకలా చెబితే అలాగే చెయ్యండి.

నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నది స్టెరాయిడ్ క్రీము గురించి. మోమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ క్రీము రోజూ పలుచగా రాస్తే మంట, దురద, కమలడం తగ్గుతాయని రొమ్ము రేడియేషన్ మీదే చేసిన పరీక్షల్లో తేలింది. మొదటి వారం నుంచే మొదలుపెడితే ఎక్కువ మేలు. కానీ చివరి వారాల్లో దురద ఎక్కువై ఉన్నా డాక్టరుని అడగడం వృథా కాదు. స్టెరాయిడ్ పేరు విని భయపడి మా అక్క మొదట వద్దంది. కొద్ది వారాలు, డాక్టరు చెప్పిన మేరకు వాడటం వేరు, మన అంతట మనం కొనుక్కుని నెలల తరబడి పూయడం వేరు. తోలు ఊడి పచ్చిగా ఉన్న చోట మాత్రం డాక్టరు చూసి చెప్పకుండా దాన్ని రాయకండి.

డియోడరెంట్ విషయానికొస్తే, చంక చర్మం చెక్కు చెదరకుండా ఉంటే మామూలుగా వాడుకోవచ్చు. చురుక్కుమన్న రోజు ఆపేయండి. టాల్కం పౌడరు అసలు వద్దు, తడిసి ముద్దయి మడతలో ఇసుకలా ఒరుస్తుంది. చంక గొరగాలంటే బ్లేడు కాదు, కరెంటు షేవర్. ఈ కొన్ని వారాలు అదీ మానేస్తే ఇంకా మేలు.

ఒరిపిడి, చెమ్మ, వేడి

చివరి వారాల్లో చర్మం చిట్లడానికి పైనుంచి తోడయ్యేవి ఈ మూడే. రొమ్ము పెద్దగా ఉన్నవాళ్లకి కింద మడతలో ఈ మూడూ ఒకచోటే చేరతాయి, అందుకే అక్కడ ముందు తెగుతుంది.

లోపల కమ్మి ఉన్న బ్రా ఇప్పుడే తీసి పక్కన పెట్టండి. ఇంట్లో ఉన్నంతసేపూ బ్రా లేకుండా వదులైన పాత కాటన్ చొక్కా వేసుకోండి. వీలైతే ముందు గుండీలున్నది, చెయ్యి పైకెత్తక్కర్లేదు. కొత్త బట్ట కంటే పదిసార్లు ఉతికిన పాత బట్ట మెత్తన. కుట్టు లావుగా ఉంటే చొక్కాని తిరగేసి తొడుక్కోండి. చూసేవాళ్లు లేరు, ఉన్నా ఏం కాదు. రొమ్ము బరువుకి లాగుతున్నట్టుంటే కమ్మి లేని, మెత్తని, ఒక సైజు పెద్దదైన బ్రా సరిపోతుంది.

పడుకునేటప్పుడు మడతలో ఒక మెత్తటి కాటన్ గుడ్డని ఒంటి పొరగా మడిచి పెట్టండి, తోలూ తోలూ తగలకుండా. తడిసిందంటే మార్చండి. చంకకి గాలి తగలాలంటే పక్కన దిండు వేసుకుని దాని మీద చెయ్యి ఆనించి పడుకోండి. రోజుకి రెండు మూడు సార్లు ఇలా పావుగంట ఉంటే చెమ్మ ఆరుతుంది, భుజం కూడా బిగుసుకుపోదు. భుజానికి నేర్పిన వ్యాయామాలు మాత్రం మానకండి, నొప్పి ఉంటే నెమ్మదిగా, తక్కువసార్లు చెయ్యండి. సిట్టింగ్‌లో చెయ్యి తలపైకి పెట్టి ఉంచాల్సిందే కదా, చంక పుండయ్యాక ఆ భంగిమే పెద్ద శిక్ష.

హాండ్‌బ్యాగ్ రెండో భుజానికి మార్చండి. కారు సీటు బెల్టు రాసుకుంటుంటే మధ్యలో మెత్తటి గుడ్డ పెట్టండి. వేడినీళ్ల సంచి వద్దు, ఐసు ముక్క కూడా వద్దు. దెబ్బతిన్న తోలుకి రెండూ కాలినట్టే. చల్లదనం కావాలంటే చల్లని నీళ్లలో ముంచి పిండిన గుడ్డ కాసేపు వేసుకోవచ్చు.

దురద, నొప్పి

ఛాతీ పైభాగంలో, గొంతు కింద, చెమటకాయల్లాంటి సన్నటి పొక్కులు వచ్చి విపరీతంగా దురదపెట్టడం మామూలే. గోకితే తెగుతుంది. గోళ్లు కురచగా కత్తిరించుకోండి, రాత్రి తెలియకుండా గోకే అలవాటుంటే చేతులకి పలుచని కాటన్ తొడుగులు వేసుకోండి. దురద తగ్గించే మాత్రలో, స్టెరాయిడ్ క్రీమో ఇవ్వమని డాక్టరుని అడగండి. మడతలోని దురదతోపాటు అంచుల్లో విడివిడిగా చిన్న చిన్న పొక్కులు, తెల్లటి పూత కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. దానికి మందు వేరు, మాయిశ్చరైజర్ రాస్తూ కూర్చుంటే ముదురుతుంది.

నొప్పిని ఓర్చుకోవడం గొప్ప కాదు. పారాసెటమాల్ లాంటిది వేసుకోవచ్చా, ఎంత, ఎన్ని గంటలకోసారి అని ఒకసారి అడిగి రాసుకోండి. డ్రెస్సింగ్ మార్చడానికి అరగంట ముందు వేసుకుంటే ఆ పని తేలికవుతుంది. రొమ్ములో ఉన్నట్టుండి సూది గుచ్చినట్టు, కరెంటు షాక్ కొట్టినట్టు పొడిచే నొప్పులు చాలామందికి వస్తాయి, క్షణంలో పోతాయి. ఇవి నెలల తరబడి అప్పుడప్పుడూ వస్తూనే ఉండొచ్చు.

తోలు ఊడి, రసి కారితే

ముందు ఎండిన పొలుసుల్లా రాలుతుంది. దీనికి భయపడక్కర్లేదు, పొలుసులు లాగకుండా మాయిశ్చరైజర్ రాస్తే చాలు. పై పొర మొత్తం జారిపోయి, కింద లేత గులాబీ రంగులో తడితడిగా మెరిసే చర్మం బయటపడితే అది తర్వాతి మెట్టు. అందరికీ రాదు. వస్తే ఆ రోజే రేడియేషన్ విభాగానికి ఫోన్ చెయ్యండి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఆఖరి సిట్టింగ్ అయిపోయినా మీరు వాళ్ల పేషెంటే. మేం ఫోన్ చెయ్యడానికి మొహమాటపడి ఒక రాత్రి పోగొట్టుకున్నాం.

వాళ్లు చూసేలోగానూ, ఆ తర్వాత రోజూ ఇంట్లోనూ చెయ్యాల్సింది ఇది.

చేతులు సబ్బుతో కడుక్కోండి. పాత డ్రెస్సింగ్‌గానీ బట్టగానీ అంటుకుపోతే లాగొద్దు, సెలైన్‌తోనో గోరువెచ్చని నీళ్లతోనో బాగా తడిపితే దానంతటదే వదులుతుంది. సెలైన్ అంటే 0.9 శాతం ఉప్పు నీళ్లే, మందుల షాపులో సీసాల్లో దొరుకుతుంది. అందులో తడిపిన గాజ్ గుడ్డని (కట్లు కట్టే పలుచని జాలీ గుడ్డ) పుండు మీద పది పదిహేను నిమిషాలు పరచి ఉంచండి. మంట చప్పున తగ్గుతుంది, పక్కులు మెత్తబడతాయి. వదులుగా వచ్చినవి రానివ్వండి, పట్టుకుని ఉన్నవాటిని వదిలెయ్యండి. స్పిరిట్, అయోడిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పొయ్యకండి, కొత్తగా పుడుతున్న కణాల్ని అవి చంపేస్తాయి.

తర్వాత వాళ్లిచ్చిన జెల్లో, ఆయింట్‌మెంటో. దాన్ని పుండు మీద వేలితో పులమకండి, అంటుకోని డ్రెస్సింగ్ ప్యాడ్ మీద పరచి ఆ ప్యాడ్‌ని పెట్టండి. నర్సు చూపించిన ఈ ఒక్క చిట్కాతో మా ఇంట్లో రోజూ ఏడుపు ఆగింది. సిలికోన్ పూత ఉన్న మెత్తటి డ్రెస్సింగులు తీసేటప్పుడు తోలుని లాగవు, అవి వాడొచ్చేమో అడగండి. పైన టేపు అంటించకండి, టేపుతోపాటు మంచి చర్మం కూడా ఊడొస్తుంది. వదులైన బనియనో, గొట్టంలా సాగే నెట్ బ్యాండేజో ప్యాడ్‌ని పట్టి ఉంచుతుంది. తడిసినప్పుడల్లా మార్చాలి. రోజంతా తెరిచి ఎండబెట్టాలన్నది పాత మాట, తగినంత తేమలోనే పుండు త్వరగా, నొప్పి లేకుండా మానుతుంది.

సిల్వర్ సల్ఫాడయజీన్ అనే తెల్లటి క్రీము రాసిస్తే, మీకు సల్ఫా మందులు పడవా అన్నది ముందే చెప్పండి. ఇంకా సిట్టింగులు మిగిలి ఉంటే ఆ క్రీముని ప్రతి సిట్టింగ్ ముందూ పూర్తిగా కడిగెయ్యాలి. మందపాటి డ్రెస్సింగ్ ఏదున్నా మెషీన్ మీద పడుకునే ముందు టెక్నీషియన్‌కి చూపించండి.

డ్రెస్సింగ్ మీద లేత పసుపు రంగు పలుచని రసి కనిపిస్తే అది చీము కాదు, పుండు మానేటప్పుడు వచ్చేదే. చిక్కగా, ఆకుపచ్చగా, దుర్వాసనతో ఉంటే అప్పుడు అనుమానించాలి.

వెంటనే ఫోన్ చెయ్యాల్సినవి

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటినా, చలి వణుకు వచ్చినా. రేడియేషన్ వేసిన హద్దు దాటి కమలడం, వేడి పక్కకి పాకుతున్నా. నిన్నటికంటే నొప్పి ఒక్కసారిగా పెరిగినా, చీము, వాసన ఉన్నా, రక్తం ఆగకుండా కారినా. ఆ వైపు చెయ్యి ఉబ్బినా. కీమో కూడా తీసుకుంటున్నవాళ్లు, ఈమధ్యే ముగించినవాళ్లు జ్వరం విషయంలో ఒక్క గంట కూడా చూడకూడదు, అది రాత్రయినా సరే.

సిట్టింగ్ మీరే మానెయ్యకండి

"ఇంత మండుతుంటే ఇంకో రెండు ఎందుకు, ఆపేద్దాం" అనిపిస్తుంది. అక్కకీ అనిపించింది, ఒక రోజు బట్టలు మార్చుకోనని కూర్చుంది. మధ్యలో వచ్చే ఖాళీలు చికిత్స బలాన్ని తగ్గిస్తాయి. నిజంగా విరామం అవసరమైతే ఎన్ని రోజులు ఇవ్వొచ్చో, దాన్ని ఎలా భర్తీ చెయ్యాలో డాక్టరు లెక్కవేస్తారు, అది వాళ్ల నిర్ణయం. మీరు చెయ్యాల్సింది బాధని దాచకుండా చెప్పడం. ఏ చర్మం నొప్పీ చెప్పకుండా నవ్వుతూ వచ్చే పేషెంట్‌కి ఎవరూ డ్రెస్సింగ్ ఇవ్వరు.

పిల్లల్ని దగ్గరికి తీసుకోవడానికీ భయపడకండి. బయటి మెషీన్‌తో ఇచ్చే రేడియేషన్ మీ ఒంట్లో నిలవదు, మీ నుంచి ఎవరికీ సోకదు. వాళ్లు పరిగెత్తుకొచ్చి ఆ వైపు గుద్దుకోకుండా చూసుకుంటే చాలు. పొగ తాగే అలవాటుంటే ఇప్పుడైనా ఆపండి, పుండు మానడాన్ని అది నేరుగా అడ్డుకుంటుంది. షుగర్ ఉన్నవాళ్లు దాన్ని అదుపులో పెట్టుకోవడం కూడా చర్మానికి చేసే వైద్యమే.

ఆఖరి సిట్టింగ్ తర్వాత

ఆ రోజు గది నుంచి బయటికొచ్చే ముందు మూడు సంగతులు రాయించుకోండి: రాత్రీ సెలవు రోజుల్లోనూ ఎవరికి ఫోన్ చెయ్యాలి, చర్మం తెగితే వాడటానికి ఏ డ్రెస్సింగులు, ఎన్ని, మళ్లీ ఎప్పుడు చూస్తారు. డ్రెస్సింగులు అవసరం వచ్చాక కాదు, ఆ రోజే ఇంటికి తెచ్చుకోండి. తర్వాతి రెండు వారాలకి పెద్ద పనులేవీ పెట్టుకోకండి. అలసట కూడా అప్పుడే కమ్ముతుంది, దాంతో ఆకలి తగ్గుతుంది. చర్మం తిరిగి కట్టుకోవడానికి ప్రోటీన్, నీళ్లు కావాలి కాబట్టి కొంచెం కొంచెంగానైనా తినండి.

ముందు చేసినవన్నీ, అంటే మెత్తటి సబ్బు, పలుచటి క్రీము, వదులు బట్టలు, చర్మం పూర్తిగా మానేదాకా కొనసాగించండి. కమిలిన నల్లటి పొర రాలి కింద లేత రంగు చర్మం అతుకులు అతుకులుగా కనిపిస్తే బెంగపడకండి. చామనఛాయవాళ్లలో ఇది మొదట బొల్లిలా కూడా కనిపిస్తుంది, రంగు నెమ్మదిగా తిరిగొస్తుంది. కొందరికి చుట్టూ నలుపు చాలా నెలలు ఉంటుంది, కొంత ఎప్పటికీ మిగలొచ్చు. చంకలో వెంట్రుకలు పలచబడటం, ఆ వైపు చెమట తగ్గడం, రొమ్ము బరువెక్కి కాస్త ఉబ్బినట్టుండటం కూడా ఉంటాయి.

ఈత కొలను చర్మం పూర్తిగా మానాకే, బయటికి రాగానే మంచి నీళ్లతో కడుక్కుని మాయిశ్చరైజర్ రాయాలి. కమ్మి బ్రా కూడా మానాకే, అదీ ముందు రోజుకి గంట రెండు గంటలు వేసి చూడండి. ఎండ విషయంలో మాత్రం ఇది వారాల లెక్క కాదు. రేడియేషన్ తగిలిన చర్మం ఎండకి ఎప్పటికీ కాస్త సుకుమారంగానే ఉంటుంది. రొమ్మునైతే బట్ట కప్పేస్తుంది, మనం మరచిపోయేది మెడ కింద, కాలర్ ఎముక దగ్గర బయటికి కనిపించే ఆ చిన్న ముక్క. అక్కడ పలుచటి కండువాగానీ, మానిన చర్మమైతే ఎస్‌పీఎఫ్ 30 దాటిన సన్‌స్క్రీన్‌గానీ ఉండాలి.

ఒకటి గుర్తుంచుకోండి. నెలల తర్వాత కొన్ని రకాల కీమో మందులు తీసుకున్నప్పుడు, పూర్తిగా మానిన అదే చోట, అదే హద్దుల్లో చర్మం మళ్లీ ఎర్రబడి మండొచ్చు. దీన్ని రేడియేషన్ రీకాల్ అంటారు. అరుదుగా వస్తుంది. కొత్త మందు మొదలుపెట్టాక అలా కనిపిస్తే తర్వాతి డోసు వేసుకోకముందే డాక్టరుకి చూపించండి, ఎప్పుడు, ఏ వైపు రేడియేషన్ తీసుకున్నారో చెప్పండి. ఆఖరి రోజు ఇచ్చే చికిత్స సారాంశం కాగితం అందుకోసం ఫైల్లో పైనే ఉండాలి. అక్కది నేను ఫొటో తీసి నా ఫోన్లో కూడా పెట్టుకున్నాను.